కౌన్సిల్ హాలు ఇంగ్లీషు

మునిసిపల్ కౌన్సిల్ హాలు తలుపు దగ్గర ముప్ఫై ఒక్క ఏళ్లు నిలబడిన అటెండరును ఆఫీసులో అందరూ ‘కోరం’ అని పిలిచేవారు. సమావేశానికి ముందు తలకాయలు లెక్కపెట్టి, సరిపడా సభ్యులు వచ్చారని తేలాక, కార్యదర్శి చెవి దగ్గర వంగి “కోరం అయింది సార్” అని చెప్పడం ఆయన పని. ఆ మాట వినపడ్డాకే చైర్మన్ తన గదిలోంచి లేచేవాడు. కొత్తగా చేరిన గుమాస్తా ఒకడు అదే ఆయన అసలు పేరనుకుని, సెలవు కాగితం మీద ‘కోరం గారికి మంజూరు చేయవచ్చు’ అని రాసి పైకి పంపాడు. పై అధికారి సంతకం కూడా పెట్టేశాడు.

ఆయన చదువు ఐదో తరగతి. ఆ హాల్లో వినపడే మాటల్లో సగం ఇంగ్లీషువి. వాటి అర్థాలు ఎవరూ చెప్పలేదు, ఆయన అడగనూ లేదు. ఒక మాట అన్నాక హాల్లో ఏం జరుగుతుందో, తనకు ఏ పని తగులుతుందో చూసి నేర్చుకున్నాడు. ‘ఎజెండా’ అంటే ముందురోజు సాయంత్రం పిన్నులు కొట్టి బల్లల మీద పెట్టే కాగితాలు. ‘వాకౌట్’ అంటే రెండు తలుపులూ బార్లా తీయాలి. లేకపోతే కోపంగా బయటికి పోయేవాళ్లు గుమ్మంలో ఒకరికొకరు అడ్డుపడి నవ్వేస్తారు, కోపం కాస్తా చెడిపోతుంది. ‘అడ్జర్న్’ అంటే టీ పోయకుండానే ఫ్లాస్కులు వెనక్కి మోసుకుపోవాలి. ‘సబ్‌కమిటీ’ అంటే ఆ ఫైలును బీరువా అడుగు అరలో పెట్టేయొచ్చు, ఇప్పట్లో ఎవరూ అడగరు. ‘మినిట్స్’ దగ్గర మాత్రం నాలుగేళ్లు తికమకపడ్డాడు. గంటల తరబడి సాగిన మీటింగుకు ఆ పేరేమిటో అంతుపట్టలేదు. ఆ పేరుగల లావుపాటి పుస్తకాన్ని తనచేతే మోయించాక, జరిగిందంతా రాసిపెట్టేది అందులోనేనని తెలిసింది.

ఇంట్లోనూ అదే భాష. భార్య ఏదైనా తెమ్మంటే “సబ్‌కమిటీకి పంపించు” అనేవాడు. ఆవిడ కుట్టుమిషన్ మీంచి తల ఎత్తకుండానే “అయితే అన్నం కూడా అడ్జర్న్” అనేది.

ఆయన రిటైర్మెంటుకు ఇంకా ఏడాదిన్నర ఉందనగా ఎన్నికలు జరిగి కొత్త కౌన్సిల్ వచ్చింది. చైర్మన్ కాక మొత్తం ఇరవైమంది సభ్యులు. అందులో ఒకామె ఇస్త్రీ షాపు నడిపే మనిషి. వీధి చివర ఆరు పడకల ప్రసూతి ఆసుపత్రి ఉంది. ఆ మలుపులోనే ఆమె షాపు, పక్కనే కోరం ఇల్లు. పురుడు పోసుకోవడానికి వచ్చినవాళ్ల తాలూకు మనుషులు ఆమె షాపు బెంచీ మీదే కూర్చుని కబురు కోసం ఎదురుచూసేవారు. ఆసుపత్రిలో మందులు లేకపోయినా, వీధిలో దీపం వెలగకపోయినా ఆమె ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి మునిసిపల్ ఆఫీసుకు వెళ్లి తగువు పెట్టుకునేది. అందుకే వీధివాళ్లు ఆమెను బలవంతంగా నిలబెట్టారు. నలభై మూడు ఓట్లతో గెలిచింది. అందరికీ ఆమె ఇస్త్రీ అక్క.

మొదటి సమావేశంలో ఆమె లేచి, “మా ఆసుపత్రి సంగతి ఈ అజెండర్‌లో లేదేంటండీ?” అని అడిగింది.

“అజెండర్ కాదమ్మా, గ్యాస్ సిలిండర్ కావాలేమో చూడండి!” అన్నాడు లారీల మెంబరు. ఆయనకు ఆరు లారీలు, అంతకు మించిన గొంతు ఉన్నాయి. హాలంతా నవ్వింది. ఆమె చెవులు ఎర్రబడ్డాయి. కూర్చుండిపోయింది. సమావేశం ముగిసేదాకా మళ్లీ నోరు తెరవలేదు.

మంచినీళ్ల గ్లాసు అందిస్తూ కోరం మెల్లగా అన్నాడు. “ఎజెండా అనాలమ్మా. దానికేముంది, ఆయన మొదటి ఏడాది బడ్జెట్‌ను ‘బడ్జట్టు’ అనేవాడు. నేను విన్నాగా.”

ఆమెకు నవ్వొచ్చింది. “బాబాయ్, ఈ మాటలన్నీ నీకు తెలుసా?”

“ముప్ఫై ఏళ్లుగా వింటున్నాను. తెలియకేం?”

అప్పటినుంచి సమావేశం ఉన్న రోజున ఆమె అరగంట ముందే వచ్చేది. వరండాలోని బెంచీ మీద ఇద్దరూ కూర్చునేవారు. ఎవరింటివి ఎన్ని బట్టలో రాసుకునే నోటుబుక్కును వెనక్కి తిప్పి, చివరి పేజీలనుంచి మాటలు రాసుకోవడం మొదలుపెట్టింది. ఆయన చెప్పే అర్థాలు ఆమెకు ఇట్టే ఎక్కేవి.

“‘మెర్జర్’ అంటే ఏంటి బాబాయ్?”

“రెండు ఆఫీసులు కలిపేస్తాం అంటారు. రెండు బోర్డుల్లో ఒకటి దించేస్తారు. దించేది ఎప్పుడూ చిన్న ఆఫీసుదే. నేనే రెండుసార్లు నిచ్చెన పట్టుకున్నాను.”

“మరి ‘అబ్‌స్టెయిన్’?”

ఆ మాటకు ఆయన కళ్లు మెరిశాయి. పాతికేళ్ల కిందట హాల్లో ఒక పొడుగాటి వకీలు మెంబరు ఉండేవాడు. నచ్చని విషయం వచ్చిందంటే ముఖం జేవురించేది. ఓటు అడగ్గానే లేచి, బల్ల మీద అరచేత్తో కొట్టి, “అబ్‌స్టెయిన్!” అని ఉరిమి కూర్చునేవాడు. కిటికీ అద్దాలు అదిరేవి.

“మామూలుగా వద్దంటే ‘అగైనెస్ట్’. బల్ల గుద్ది మరీ వద్దంటే ‘అబ్‌స్టెయిన్’,” అన్నాడు కోరం. ఆమె ఆ మాట కింద రెండు గీతలు గీసుకుంది.

తొమ్మిది నెలలు గడిచాయి. ఆమె భయం పోయింది. ‘పాయింట్ ఆఫ్ ఆర్డర్’ అని చెయ్యెత్తి ఒకసారి లారీల మెంబరును కూర్చోబెట్టింది కూడా. ఆ తరవాతి నెల ఎజెండాలో పదకొండో అంశంగా ఆసుపత్రి వచ్చింది. వీధి చివరి ప్రసూతి ఆసుపత్రిని వంతెన అవతలి పెద్దాసుపత్రిలో విలీనం చేసి, భవనాన్ని ఆఫీసుల కోసం తీసుకోవాలని ప్రతిపాదన. నొప్పులు మొదలైన మనిషి వంతెన దాటి పెద్దాసుపత్రి చేరాలంటే రద్దీ వేళ గంట పడుతుంది. ఆమె ఆ సంగతంతా తెలుగులోనే, ఎవరికి నొప్పులు ఎప్పుడు వచ్చాయో, ఎంత తొందరపడాల్సి వచ్చిందో చెబుతూ పావుగంట మాట్లాడింది. ఎవరూ నవ్వలేదు.

ఎవరు ఎటున్నారో తేలక, చైర్మన్ పేరుపేరునా ఓటు అడగమన్నాడు. ఒక సభ్యుడు ఊళ్లో లేడు. మిగిలింది పంతొమ్మిదిమంది. కార్యదర్శి వరసగా పిలుస్తున్నాడు. “ఫర్” అన్నారు కొందరు. “అగైనెస్ట్” అన్నారు కొందరు. ఇస్త్రీ అక్క వంతు వచ్చింది. ఆమె కుర్చీ వెనక్కి జరిపి నిలబడింది. ఇంతమంది అన్న మామూలు మాట ఆమెకు చాలలేదు. అరచేత్తో బల్ల మీద ఒక్క దెబ్బ వేసి, ఒక్క అక్షరం తొట్రుపడకుండా, “అబ్‌స్టెయిన్!” అంది.

తలుపు దగ్గర కోరం ఛాతీ పొంగింది.

కార్యదర్శి లెక్క చదివాడు. అనుకూలం తొమ్మిది. వ్యతిరేకం తొమ్మిది. తటస్థం ఒకటి. సమానంగా వచ్చినప్పుడు చైర్మన్ తన ఓటు వేయొచ్చు. ఆయన వేశాడు, విలీనానికి అనుకూలంగా. ప్రతిపాదన నెగ్గింది.

ఆమె సమావేశం ముగిశాక వరండాలోకి వచ్చి కోరం చెయ్యి పట్టుకుంది. “బాబాయ్, నేను వద్దన్నానుగా? గట్టిగానే వద్దన్నానుగా? మరి తటస్థం అంటారేంటి?”

ఆయన నేరుగా కార్యదర్శి గదిలోకి వెళ్లాడు. “సార్, అబ్‌స్టెయిన్ అంటే ఏంటండీ?”

కార్యదర్శి ఫైలులోంచి తల ఎత్తలేదు. “ఔననీ అనరు, కాదనీ అనరు. ఓటు వేయకుండా ఊరుకోవడం. ఎందుకూ?”

“మరి ఆ వకీలు గారు...”

“ఆయనా? పార్టీ ఔననమనేది, ఆయన మనసు కాదనేది. ఏదీ అనలేక అలా అరిచి కూర్చునేవాడు. ఆ కోపమంతా తన మీద తనకే.”

కోరం బయటికి వచ్చేసరికి ఆమె వెళ్లిపోయింది. ఆ రోజు గ్లాసులు కడుగుతుంటే రెండు పగిలాయి.

మర్నాడు భార్య వచ్చి చెప్పింది. “ఇస్త్రీ అక్క షాపు దగ్గర ఆడవాళ్లంతా చేరి దుమ్మెత్తిపోస్తున్నారండీ. కుర్చీ ఎక్కాక కళ్లు కనిపించడం లేదా అని ఒకరు, చైర్మన్ పక్కకు ఎప్పుడు చేరావని ఒకరు. ఆ పిల్ల నోరు తెరిస్తే ఒట్టు. ‘నాకే సరిగ్గా అర్థం కాలేదు, తప్పు నాదే’ అంటోంది తప్ప ఇంకో ముక్క లేదు. ఆ ముక్క ఎవరు నేర్పారో మనిద్దరికీ తెలుసుగా?”

ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటూనే వీధిలోకి నడిచాడు. షాపు ముందు పదిమంది దాకా ఉన్నారు. ఆమె తల దించుకుని ఒక చొక్కా కాలరును మళ్లీ మళ్లీ రుద్దుతోంది.

“అమ్మా, ఆ అమ్మాయిని ఏమీ అనకండి,” అన్నాడు. “ఆ మాటకు తప్పు అర్థం చెప్పింది నేను. వద్దనడానికి అదే గట్టి మాట అని చెప్పాను. నా మాట నమ్మి అంది.”

ఆసుపత్రిలో పాతికేళ్లుగా పనిచేస్తున్న నర్సమ్మ వాళ్లలో ఉంది. ఆమె ఆయన్ని పైనుంచి కిందకి చూసి, “తెలియకపోతే తెలియదని చెప్పొచ్చుగా పెద్దాయనా?” అంది.

“తెలుసనే అనుకున్నానమ్మా. చిక్కు అక్కడే వచ్చింది.”

“సరే, అయిందేదో అయింది. దిద్దుకునే దారేమైనా ఉందా?”

ఉందని ఆయనకు లీలగా గుర్తు. ఇన్నేళ్లలో రెండే రెండుసార్లు విన్న మాట ‘రీకన్సిడరేషన్’. ఆ రెండుసార్లూ తీర్మానమైపోయినదాన్ని మళ్లీ ఓటుకు పెట్టారు. కానీ ఇప్పుడు ఏ మాట మీదా ఆయనకు నమ్మకం మిగల్లేదు. “కనుక్కుని చెబుతాను,” అని మాత్రం అన్నాడు.

ఆ సాయంత్రం ఆయనా, ఇస్త్రీ అక్కా కలిసి రెండు వీధుల అవతల ఉండే ఇంగ్లీషు టీచరమ్మ ఇంటికి వెళ్లారు. ఆమె రిటైరై ఆరేళ్లయింది. అయినా ఎవరైనా కాగితం పట్టుకుని వస్తే చేతిలోకి ఎర్రపెన్ను దానంతటదే వచ్చేది. నోటుబుక్కు చివరి పేజీలు ఆమె ముందు పెట్టి, “మొత్తం దిద్దండి టీచరమ్మా. ఏ ఒక్కటీ వదలొద్దు,” అన్నాడు కోరం.

నూట పద్నాలుగు మాటలు ఉన్నాయి. టీచరమ్మ గంటన్నర కూర్చుంది. మధ్యమధ్యలో కళ్లజోడు తీసి నవ్వుతూ కళ్లు తుడుచుకుంది. ‘ఎక్స్‌అఫీషియో’కు ఎదురుగా ‘రిటైరైపోయిన ఆఫీసరు’ అని ఉంది. “కాదు, వేరే పదవిలో ఉండటంవల్ల దానంతటదే వచ్చే హోదా,” అని పక్కన రాసింది. ‘బై ఎలక్షన్’ అంటే ‘కొనుక్కునే ఎన్నిక’ అని ఉంది. “ఇది అర్థం కాదయ్యా, అభిప్రాయం,” అంది. చివరికి లెక్క తేల్చింది. “తొంభై ఏడు సరిగ్గా ఉన్నాయి. పదకొండు సగం సగం. తప్పులు ఆరే. నా క్లాసులో ఇన్ని మార్కులు వచ్చినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.”

“ఆ ఆరింట్లో ఒకటి ఆసుపత్రిని తినేసింది కదండీ,” అన్నాడాయన.

ఆమె నవ్వు ఆపింది. కౌన్సిల్ నియమాల పుస్తకం తెప్పించి తనే చదివింది. తీర్మానం జరిగిన ముప్ఫై రోజుల్లోగా ఏడుగురు సభ్యులు సంతకాలు చేసి, కారణం రాతపూర్వకంగా చూపిస్తే, మళ్లీ ఓటుకు పెట్టాలి. వ్యతిరేకించిన తొమ్మిదిమందీ సంతకాలకు సిద్ధమే. చిక్కల్లా కారణం దగ్గర వచ్చింది. ఒక సభ్యురాలు ఇంగ్లీషు మాట అర్థం తెలియక పొరపాటు పడిందని రాయాలి. అది మినిట్స్ పుస్తకంలోకి ఎక్కుతుంది. ఎప్పటికీ ఉంటుంది.

“రాసేద్దాం టీచరమ్మా,” అంది ఇస్త్రీ అక్క. “సిలిండర్‌కు నవ్వారు, దీనికీ నవ్వుతారు. నవ్వితే నాకు పోయేదేముంది? ఆసుపత్రి పోతేనే పోయినట్టు.”

“నీ కాగితం ఒక్కటే అయితే, ఓడిపోయాక మాట మార్చిందంటారు,” అన్నాడు కోరం. “చెప్పింది నేనని నేను కూడా రాసిస్తాను.”

ఆయన ఆ కాగితం తెలుగులో, తన చేత్తోనే రాశాడు. మూడు వాక్యాలు. మర్నాడు కార్యదర్శికి ఇచ్చాడు. కార్యదర్శి చదివి, లేచి వెళ్లి తలుపు దగ్గరగా వేసి వచ్చాడు.

“నీకు రిటైర్మెంటు ఎన్నాళ్లుంది?”

“ఎనిమిది నెలలు సార్.”

“ఓటు విషయంలో ఉద్యోగి సభ్యులకు సలహా చెప్పకూడదని రూలుంది. తెలుసా? ఇది తీసుకుంటే నీ మీద చర్య తీసుకోక తప్పదు. నేను చూడలేదు. జేబులో పెట్టుకుని వెళ్లిపో.”

కోరం కదల్లేదు. “మీరు చూశారు సార్. ముద్ర వేయండి.”

కార్యదర్శి సొరుగు తెరిచాడు. ఇన్నేళ్లలో ఈ మనిషి తనకు ఎదురుచెప్పడం అదే మొదలు. ముద్ర తీసి కొట్టాడు.

వారం తిరక్కుండా మెమో వచ్చింది. విచారణ ముగిసేదాకా ఆయన్ని కౌన్సిల్ హాలునుంచి తీసి, కింది అంతస్తులోని రికార్డు గదికి మార్చారు. కిటికీ లేని గది అది. పాత జనన మరణాల రిజిస్టర్లు నేలనుంచి కప్పుదాకా పేర్చి ఉండేవి. భార్య రోజూ ఆయన చొక్కా దులుపుతూ, “ఇంత దుమ్ము నెత్తిన పోసుకోవడానికా సంతకం పెట్టింది?” అనేది. కానీ విలీనం వద్దంటూ వీధివాళ్లు రాసిన మహజరు మీద మొదటి సంతకం ఆవిడదే.

ప్రత్యేక సమావేశం జరిగిన రోజు ఆయన ఆ గదిలోనే ఉన్నాడు. తల మీద హాలు. కుర్చీలు జరిగిన చప్పుడు విన్నాడు. తన స్థానంలో వచ్చిన అటెండరు ఫ్లాస్కులు మోస్తూ పరిగెత్తడం విన్నాడు. మాటలు మాత్రం వినపడలేదు. రిజిస్టర్లు సర్దుతున్నట్టు నటించడానికి కూడా మనసు రాలేదు. కుర్చీలో కూర్చుని కప్పు వంక చూస్తూ ఉండిపోయాడు.

పైన జరిగింది తరవాత అందరూ చెప్పారు. కార్యదర్శి ముందు ఇస్త్రీ అక్క కాగితం చదివాడు, ఆ తరవాత కోరం కాగితం. వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆమె తిరిగి చూడలేదు. పేర్లు పిలవడం మొదలైంది. కిందటిసారి రాని సభ్యుడు ఈసారి వచ్చి విలీనం వైపు చేరాడు. ఆమె తన వంతు రాగానే, “వద్దు,” అంది తెలుగులో. ఆ వెంటనే, “అగైనెస్ట్ అని రాసుకోండి,” అంది. అటు పది, ఇటు పది వచ్చేలా ఉంది. అలా వస్తే చైర్మన్ ఓటుతో మళ్లీ పాత కథే.

అప్పటికి పిలవాల్సింది ఒక్క లారీల మెంబరునే. కిందటిసారి ‘ఫర్’ అన్నవాడే. ఆయన లేచి గొంతు సవరించుకున్నాడు.

“చైర్మన్ గారూ, ఒక సంగతి చెప్పాలి. ఆ కాగితాలు చదివేదాకా ఆ మాటకు అర్థం నాకూ తెలియదు. తెలిసినట్టు తలూపుతూ రెండు టర్ములు గడిపేశాను. ఈవిడ తెలియదని రాసిచ్చింది, ఆ అటెండరు ఉద్యోగం మీదికి తెచ్చుకుని మరీ రాసిచ్చాడు. ఇంత విన్నాక ఔననలేను. మా పార్టీవాళ్ల ముందు కాదనీ అనలేను. ఇప్పుడు అర్థం తెలిసింది కాబట్టి తెలిసే అంటున్నాను. అబ్‌స్టెయిన్.”

అనుకూలం తొమ్మిది, వ్యతిరేకం పది. ప్రతిపాదన వీగిపోయింది.

ఇస్త్రీ అక్క మెట్లు రెండేసి చొప్పున దిగి రికార్డు గదిలోకి వచ్చింది. ఏం చెప్పాలో తెలియక గుమ్మంలో నిలబడి ఏడ్చేసింది. ఆయన ఆ ఏడుపు చూసి ఓడిపోయామనుకుని, “పోనీలే అమ్మా, పోనీలే,” అంటూ ఓదార్చడం మొదలుపెట్టాడు. నవ్వూ ఏడుపూ కలిసిపోయి, అసలు సంగతి చెప్పడానికి ఆమెకు రెండు నిమిషాలు పట్టింది.

గెలుపు పూర్తిగా దక్కలేదు. ఏడాది తిరిగేసరికి ఆరు పడకలు నాలుగయ్యాయి, ఆపరేషన్ చేసే డాక్టరు వంతెన అవతలికి బదిలీ అయిపోయింది. మామూలు కాన్పులు మాత్రం అక్కడే జరుగుతున్నాయి. విచారణలో కోరానికి ‘సెన్షూర్’ అని శిక్ష వేశారు. అది ఆయన లిస్టులో లేని మాట. టీచరమ్మను అడిగితే, “తప్పు చేశావని కాగితం మీద మందలించడం,” అంది. ఆయన తేలిగ్గా ఊపిరి పీల్చుకుని, “అదెలాగూ నిజమే కదండీ,” అన్నాడు. మిగిలిన నెలలు రికార్డు గదిలోనే గడిపి రిటైరయ్యాడు. వీడ్కోలు రోజున కార్యదర్శి కిందికి వచ్చి, ఆ దుమ్ములోనే ఆయనతో కలిసి టీ తాగి వెళ్లాడు.

తరవాత రెండేళ్లకు వార్డుల సరిహద్దులు మార్చే ప్రతిపాదన వచ్చింది. దాన్ని ‘డీలిమిటేషన్’ అన్నారు. ఇస్త్రీ షాపున్న వీధిని మధ్యకు చీల్చి, కుడివైపు ఇళ్లను ఒక వార్డులో, ఎడమవైపు ఇళ్లను ఇంకో వార్డులో కలిపారు. అలా చీలిస్తే ఇస్త్రీ అక్క మళ్లీ గెలిచేది కల్ల. ప్రజల అభ్యంతరాలు వింటామని కౌన్సిల్ హాల్లో ఒకరోజు పెట్టారు.

కోరం ఉతికిన చొక్కా వేసుకుని వెళ్లాడు. ముప్ఫై ఒక్క ఏళ్లు అక్కడ పనిచేశాడు గానీ ఆ కుర్చీల్లో ఎప్పుడూ కూర్చోలేదు. మొదట్లో అంచు మీద కూర్చున్నాడు. పిలిచినప్పుడు లేచి మైకు ముందుకు వెళ్లాడు. తెలుగులోనే మాట్లాడాడు. వీధికి కుళాయి లైను ఒకటే, ఆసుపత్రి ఒకటే, వానొస్తే నీళ్లు నిలిచే చోటూ ఒకటే అన్నాడు. ఒక వీధిలో ఎదురెదురు ఇళ్లవాళ్లు వేరే వేరే మెంబర్ల దగ్గరికి వెళ్తే ఏ పనీ జరగదన్నాడు. అయిదు నిమిషాలకన్నా ఎక్కువ పట్టలేదు.

“రాసుకున్నామండీ, మీరు వెళ్లొచ్చు,” అంది బల్ల దగ్గరి గుమాస్తా అమ్మాయి.

ఆయన వెళ్లలేదు. “ఏం రాసుకున్నారో ఒకసారి చదువుతారా అమ్మా?”

ఆ అమ్మాయి పక్కన కూర్చున్న అధికారి వంక చూసింది. ఆయన చదవమన్నట్టు తలూపాడు. “సదరు వ్యక్తి సరిహద్దుల మార్పుపై కొన్ని సూచనలు చేశారు,” అని చదివింది.

“సూచనలు కాదమ్మా,” అన్నాడు కోరం, మైకు దగ్గరనుంచి కదలకుండా. “అభ్యంతరం. అది కొట్టేసి ఇది రాయండి. నేను నిలబడే ఉంటాను, తొందరేం లేదు.”